సంసారం గుట్టు, రోగం రట్టు

"సంసారం గుట్టు, రోగం రట్టు" అన్నారు మన పెద్దలు. ఇంటి గొడవలు నాలుగు గోడల మధ్య ఉంచుకోవాలి, ఒంటి జబ్బు మాత్రం నలుగురికీ చెప్పుకోవాలి అని దీని భావం. చెప్పుకుంటే ఎవరో ఒకరు మంచి వైద్యుడి పేరు చెబుతారు, ఇంకొకరు ఆసుపత్రికి తోడు వస్తారు, మరొకరు ఛార్జీలకు చేబదులు ఇస్తారు. షుగరు వచ్చినా, కామెర్లు వచ్చినా, కిడ్నీలో రాయి పడినా మనం ఈ సామెత ప్రకారమే నడుచుకుంటున్నాం. ఆదివారం పూజ ముగిసి గుడి బయటకు వచ్చామంటే అక్కడ నడిచే మాటల్లో సగం మోకాళ్ల నొప్పుల గురించే గదా!

కాని జబ్బు మనసుకు వచ్చిందంటే సామెత తలకిందులవుతుంది. రోగం కాస్తా సంసారంలో కలిసిపోయి గుట్టయిపోతుంది. మందుల చీటీ బీరువాలో చీరల అడుగుకు చేరుతుంది. మాత్రల మీది రేకు చించి వేరే డబ్బాలో పోస్తారు. పక్కింటివాళ్లు అడిగితే "నిద్ర సరిగా పట్టడం లేదు, బలానికి రాసిచ్చారు" అంటారు. ఇలా చేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చెల్లెలికి సంబంధం చూడాలి, తమ్ముడు ఉద్యోగంలో చేరాలి, ఊళ్లో నోళ్లు మంచివి కావు. ఆ మనిషి మీద ప్రేమతోనే దాస్తున్నామని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు.

ప్రియ పాఠకులారా, ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే. ఇలా దాచడం ప్రేమేనా? ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే, ఒక మాత్రను చేతిలోకి తీసుకుని అది ఒంట్లో ఎక్కడెక్కడికి పోతుందో, ఎంత కాలానికి పోతుందో చూద్దాం. దాని ప్రయాణం తెలిస్తే జవాబు సగం తెలిసినట్టే.

బైపోలార్ అనే వ్యాధి ఉంది. కొన్నాళ్లు మనిషికి పట్టపగ్గాలు ఉండవు. నిద్ర ఉండదు, అలసట తెలియదు, మాట ఆగదు. చేతిలో లేని డబ్బుతో ఎకరాల బేరాలు చేస్తాడు. మరికొన్నాళ్లు మంచం దిగడు, ముద్ద మింగడు, చావు మాటలు మాట్లాడతాడు. నడుమ నడుమ మామూలుగా ఉంటాడు. అందుకే ఇంట్లోవాళ్లు చాలాకాలం ఇది జబ్బని పోల్చుకోలేరు, పొగరనో సోమరితనమనో అనుకుంటారు. ఈ జబ్బుకు డెబ్బై ఏళ్లకు పైగా వాడుతున్న మందు లిథియం.

లిథియం ఏదో రసాయనశాలలో అల్లిన వింత పదార్థం కాదు. సోడియం, పొటాషియంలాగే ఒక మూలకం. 1817లో స్వీడన్ దేశస్థుడు అర్ఫ్‌వెడ్‌సన్ ఒక ఖనిజంలో దీన్ని కనుగొన్నాడు. గ్రీకు భాషలో రాయి అనే అర్థమిచ్చే మాట నుంచి దీనికి పేరు వచ్చింది. నేడు మీ జేబులోని సెల్‌ఫోను బ్యాటరీలో ఉన్నదీ ఇదే. దీని లవణాన్ని, అంటే ఒక రకం ఉప్పును, మాత్రలుగా చేసి ఇస్తారు.

మనసు జబ్బుకు ఇది పనికివస్తుందని వైద్యలోకానికి చాటినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి సింగపూరులోని చాంగీ చెరలో మూడేళ్లకు పైగా గడిపి వచ్చినవాడాయన. పది మంది ఉన్మాద రోగులకు లిథియం ఇచ్చి చూసి, 1949 సెప్టెంబరులో ఆ వివరాలను తమ దేశపు వైద్య పత్రికలో ప్రచురించాడు. తరువాత డెన్మార్కు వైద్యుడు మోగెన్స్ షౌ 1954లో ఆ ఫలితాన్ని మరింత శాస్త్రీయమైన పద్ధతిలో పరీక్షించి నిర్ధారించాడు. ఆయన సొంత సోదరుడికే మాటిమాటికీ తిరగబెట్టే కుంగుబాటు ఉండేది, లిథియంతో మేలు జరిగింది. ఆ సంగతిని తరువాతి కాలంలో షౌ స్వయంగా చెప్పుకున్నాడు. అంత పెద్ద వైద్యుడి ఇంట్లోనూ అది ఒకనాటి గుట్టే సుమా!

ఇప్పుడు మాత్ర ప్రయాణం చూద్దాం. రాత్రి భోజనమయ్యాక ఒకరు మాత్ర వేసుకున్నారనుకోండి. మామూలు రకమైతే ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో లిథియం గరిష్ఠ స్థాయికి చేరుతుంది. మెల్లగా కరిగే రకమైతే ఇంకొంచెం ఆలస్యం. చాలా మందులు రక్తంలోని మాంసకృత్తులకు అంటుకుని తిరుగుతాయి, కాలేయం వాటిని విరగ్గొడుతుంది. లిథియం దేనికీ అంటుకోదు, కాలేయం దాన్ని మార్చదు. ఒంట్లో నీరు ఎక్కడెక్కడ ఉందో అక్కడికల్లా నెమ్మదిగా పాకుతుంది. అరవై కిలోల మనిషిలో ముప్పై లీటర్లకు పైగా నీరే గదా, ఆ నీరంతా దాని పొలమే. అయితే అన్ని చోట్లా సమానంగా నిలవదు. థైరాయిడ్ గ్రంథిలో, మూత్రపిండాల్లో, ఎముకల్లో ఎక్కువగా చేరుతుంది. మెదడు దగ్గర రక్తనాళాలకు గట్టి కాపలా ఉంది కనుక అక్కడికి మాత్రం ఆలస్యంగా చేరుతుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్న వేళకు మెదడులో ఇంకా పెరుగుతూ ఉంటుంది. రక్తంలో తగ్గిన తరువాత కూడా మెదడులో కొంతకాలం నిలిచి ఉంటుంది.

చిలకలూరిపేట ప్రాంతపు రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో చదివిన రోజే చివరి భూముల్లోకి నీళ్లు రావు. పెద్ద కాలువ నిండాలి, మేజరు నిండాలి, పిల్లకాలువ పారాలి, అప్పుడు గదా చివరి మడి తడిసేది! తూము దించిన రోజే ఆ చివరి మడి ఆరిపోదు కూడా. లిథియం విషయంలో రక్తం పెద్ద కాలువ, మెదడు చివరి మడి.

ఇక రోజుల లెక్క. వేసుకున్న లిథియంలో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 18 నుంచి 36 గంటలు పడుతుంది, ముసలివారిలో ఇంకా ఎక్కువ. రోజూ వేసుకుంటూ ఉంటే వచ్చేదీ పోయేదీ సమానమై రక్తంలో మట్టం నిలకడకు రావడానికి అయిదారు రోజులు, ఒక్కోసారి వారం. అందుకే ఆ వారం గడిచాక, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి పరీక్ష చేస్తారు. ఉద్రేకం చల్లబడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. జబ్బు తిరగబెట్టకుండా ఆపే గుణం తెలియడానికి నెలలు పడుతుంది. "నాలుగు రోజులు వాడాం, ఏమీ గుణం లేదు" అని డాక్టరును మార్చేవాళ్లు కాలువకు నీళ్లు వదిలిన రోజే మడి దగ్గర నిలబడి తిట్టే రైతులాంటివాళ్లు.

ఈ మందుతో వచ్చిన చిక్కు ఒకటుంది. మేలు చేసే మట్టానికీ కీడు చేసే మట్టానికీ మధ్య దూరం చాలా తక్కువ. లీటరు రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉండాలని వైద్యులు చూస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి: వాంతులు, విరేచనాలు, చేతులు గట్టిగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, మగత. ఇంకా పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది. విషం ఎక్కినప్పుడు రక్తంలో మట్టం తగ్గినా మెదడు వెంటనే తేరుకోదు, చివరి మడిలో నీరు నిలిచినట్టే.

ఆ మట్టాన్ని నిలబెట్టేది మూత్రపిండాలు. లిథియం ఒంట్లోంచి పోవడానికి ఉన్న దారి దాదాపు అదొక్కటే. మూత్రపిండాలు లిథియాన్నీ, మనం తినే ఉప్పులోని సోడియాన్నీ అన్నదమ్ముల్లా చూస్తాయి. వడగట్టిన లిథియంలో నూటికి ఎనభై వంతుల వరకు సోడియంతోపాటే తిరిగి రక్తంలోకి పంపిస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గాయంటే అవి కరువు వచ్చిందని పొదుపు మొదలుపెడతాయి. సోడియాన్ని పట్టి ఆపుతాయి, దానితోపాటు లిథియాన్నీ ఆపేస్తాయి. మాత్రల సంఖ్య మారదు, రక్తంలో మందు మాత్రం పెరిగిపోతుంది.

ఉప్పు తగ్గడం, నీరు తగ్గడం అంటే ఏమిటో మన ప్రాంతంలో వేరే వివరించాలా? నల్లరేగడి నేలల మీద మార్చి నెలకే ఎండ మండిపోతుంది. మిరప కోతలు, కల్లాల్లో ఎండబెట్టడాలు, తాలు ఏరడాలు ఆ ఎండలోనే. స్పిన్నింగు మిల్లులో పనిచేసేవారికి పొగమంచు రోజుల్లోనూ చెమటే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఇదే కథ. దీనికి తోడు ఒళ్లు నొప్పులకు మనవాళ్లు మందుల షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు, బి.పి.కి ఇచ్చే కొన్ని రకాల మందులు, నీరు లాగేసే మాత్రలు కూడా లిథియాన్ని ఒంట్లో నిలవ చేస్తాయి. కాబట్టి చీటీ మీద మోతాదు రాసేది వైద్యుడే అయినా, రక్తంలో నిజంగా ఎంత నిలుస్తుందో తేల్చేది ఎండ, చెమట, వంటింట్లో ఉప్పు, పొలంలో మంచినీళ్ల బిందె, మందుల షాపు. మింగేది ఒక్కరే. మోతాదు మాత్రం ఇంటిల్లిపాది చేతుల్లో, ఊరి చేతుల్లో ఉంది.

ఇది ఊహ కాదనడానికి చరిత్ర ఉంది. కేడ్ తన వ్యాసం ప్రచురించిన 1949లోనే అమెరికాలో గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడును అమ్మారు. వాళ్లు అసలే ఉప్పు మానేసినవాళ్లు. కొలత లేకుండా కూరల్లో చల్లుకున్నారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అమ్మకం ఆగిపోయింది. కేడ్ 1948 మార్చిలో మందు మొదలుపెట్టిన తొలి రోగి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. అయిదేళ్లుగా ఉన్మాదంలో ఉన్న ఆ మనిషి కొద్ది నెలల్లో ఇంటికి వెళ్లి, తిరిగి పనిలో చేరాడు. కొన్నాళ్లకు మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మందు వాడుతూ 1950లో లిథియం విషం ఎక్కి చనిపోయాడు. రక్తంలో మట్టం కొలిచే అలవాటు అప్పటికి ఇంకా లేదు. మానేస్తే ఒక ప్రమాదం, మితిమీరితే మరో ప్రమాదం. నడుమ ఉన్న ఇరుకు దారిలో మనిషి ఒంటరిగా నడవలేడని ఆ తొలి రోగే చూపించి వెళ్లాడు.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చిలకలూరిపేట చుట్టుపక్కల ఏ ఊరైనా అనుకోండి. ముప్పై ఏళ్ల మనిషి రెండేళ్లుగా లిథియం వాడుతున్నాడు. సంగతి తల్లికీ అన్నకీ మాత్రమే తెలుసు. కొత్తగా వచ్చిన భార్యతో నిద్రమాత్రలని చెప్పారు. తపస్కాలం వచ్చింది, మిరప కోతలూ వచ్చాయి. మామగారికి బి.పి. ఉందని కోడలు వంటల్లో ఉప్పు బాగా తగ్గించింది. శుక్రవారం ఇంటిల్లిపాదితో పాటు అతనూ ఉపవాసం ఉండి, పచ్చి గంగ ముట్టకుండా కోతకు వెళ్లాడు. సాయంత్రం నడుము పట్టేసింది. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేసి, అయిదు రోజులకు నొప్పి మాత్రలు ఇచ్చాడు. మూడో రోజుకు వాంతులు, చేతులు వణుకు, తూలుడు. తాగి వచ్చాడని మేస్త్రీ పనిలోంచి పంపేశాడు. గాలి సోకిందని పొరుగింటి అవ్వ అంది. జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడి తల్లి రహస్యంగా ఇంకో మాత్ర ఎక్కువ వేసింది.

వీళ్లలో ఎవరు తప్పు చేశారు? మామగారి ఆరోగ్యం కోసం ఉప్పు తగ్గించిన కోడలా? నొప్పికి మందు ఇచ్చిన ఆర్.ఎం.పి.నా? కొడుకు కోసం తల్లడిల్లిన తల్లా? అందరూ మంచే చేయబోయారు. తెలియని చోట మంచి మనసు కూడా గుడ్డిదైపోతుంది. గుట్టు వల్ల జరిగే అసలు నష్టం ఇదే: మన చుట్టూ ఉన్నవారి మంచితనాన్ని అది మనకు విషంగా మార్చేస్తుంది. ఎవరికీ చెడు చేయాలనే ఉద్దేశం లేకుండానే ఒక ప్రాణం ప్రమాదంలో పడుతుంది. ఆ తరువాత అందరూ అమాయకులే, అందరూ బాధ్యులే.

"చెప్పడం తేలికే, రేపు మా అమ్మాయికి సంబంధం తప్పిపోతే మీరు చేస్తారా?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. లోకం మనసు జబ్బును ఎలా చూస్తుందో వాళ్లు అనుభవించి మాట్లాడుతున్నారు. ఆ బాధకు మూలం దాచినవాళ్లలో కంటే, విన్న మాటను వీధిలో పెట్టే మనలో ఎక్కువగా ఉంది. వినే చెవులు శుభ్రంగా లేనప్పుడు చెప్పలేదని ఎవరిని తప్పుపట్టగలం? కాబట్టి మైకు పట్టుకుని ఊరంతా చెప్పమని ఎవరూ అనరు. ఎవరికి చెప్పాలి అన్నది తేల్చుకోవడమే వివేకం. దానికి మందు ప్రయాణమే కొలబద్ద ఇస్తోంది. ఎవరి చేతి పని ఆ మనిషి రక్తంలో మందును పెంచగలదో, తగ్గించగలదో వారికి తెలియాలి. వండిపెట్టే మనిషికి తెలియాలి. ఏ జబ్బుకు వెళ్లినా వైద్యుడికి, ఆర్.ఎం.పి.కి, మందుల షాపు అబ్బాయికి "లిథియం వాడుతున్నాను" అనే ఒక్క మాట చెప్పాలి. ఎండలో పని చేయించే మేస్త్రీకి జబ్బు పేరు చెప్పనక్కరలేదు. "ఈ మనిషికి నీళ్లు తక్కువ కాకూడదు, వడదెబ్బ తగలకూడదని డాక్టరు చెప్పాడు" అంటే చాలు. మిగతా ఊరికి తెలియవలసిన పని లేదు.

ఈ వరుసలో అందరికంటే ముందు తెలియవలసింది ఆ రోగికే. ఇది విడ్డూరంగా తోచవచ్చు గాని, సాంబారులో కలిపి, మజ్జిగలో కలిపి తెలియకుండా మందు ఇచ్చే ఇళ్లు ఉన్నాయి. ఒప్పుకోని మనిషితో విసిగి వేసారి అలా చేస్తారు. వాళ్ల కష్టం మనకు తెలుసు. కాని లిథియం వంటి మందును అలా ఇవ్వడమంటే ఒక మనిషిని కళ్లకు గంతలు కట్టి గట్టు మీద నడిపించడమే. చెయ్యి ఎందుకు వణుకుతోందో, దాహం ఎందుకు వేస్తోందో అతనికి తెలియదు. వాంతులైన రోజు డాక్టరుకు ఏమి చెప్పాలో తెలియదు. పైగా ఏదో ఒక రోజు తెలిసిపోతుంది, ఆ తరువాత అమ్మ చేతి ముద్దను కూడా నమ్మడు. మొండికేసిన రోగి విషయంలో ఏం చేయాలో వైద్యుడినే అడగాలి. దానికి వేరే దారులు ఉన్నాయి.

జబ్బు ఎవరిదో గుట్టు కూడా వారిదే. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తన జబ్బు వివరాలు గోప్యంగా ఉండే హక్కును రోగికి ఇచ్చింది. కుటుంబ గౌరవం పేరుతో అతని నోరు నొక్కే హక్కు మనకు లేదు. అతని అనుమతి లేకుండా అతని సంగతి పదిమందిలో పెట్టే హక్కూ లేదు. "మీ వదినకు చెబుదామా? నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని అడగడంలో ఎంత గౌరవం ఉందో చూడండి.

పెళ్లి విషయం వేరుగా చెప్పుకోవాలి. కాపురాన్ని తీవ్రంగా కలతపెట్టగల సంగతిని మోసంతో దాచి సమ్మతి తీసుకుంటే ఆ పెళ్లి చెల్లదని శ్రీసభ చట్టంలోని 1098వ నియమం చెబుతోంది. చట్టం మాట అటుంచండి. లిథియం వాడుతున్న అమ్మాయి గర్భవతి అయితే మూత్రపిండాలు మందును వేగంగా బయటకు పంపి మట్టం తగ్గిపోతుంది, కాన్పు తరువాత మళ్లీ పెరుగుతుంది. కడుపులోని బిడ్డ గుండె విషయంలో కూడా జాగ్రత్తలు ఉన్నాయి. ఇవన్నీ ముందుగానే వైద్యుడితో మాట్లాడుకుని దాటగలిగినవే, కాని భర్తకు తెలియకుండా దాటడం ఎలా? జబ్బు తెలిసి చేసుకున్నవాళ్లు నిలబడతారు. తాళి కట్టిన తరువాత బీరువా అడుగున మందుల చీటీ దొరికినప్పుడు విరిగేది నమ్మకం. దానికి మాత్ర లేదు.

ఇక మన విశ్వాసానికి సంబంధించిన మాట. "ప్రార్థన చేసుకుంటే చాలదా? మందు మింగడమంటే దేవుని మీద నమ్మకం తక్కువ కావడం కాదా?" అని అడిగేవారున్నారు. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తెరిచి చదవండి. వైద్యుణ్ణి గౌరవించమని, నేలలో నుంచి మందులను పుట్టించింది ప్రభువేనని అక్కడ బోధ ఉంది. రాయి పేరు పెట్టుకున్న ఈ మందు విషయంలో ఆ బోధ ఎంత సూటిగా తగులుతుందో! చావును కోరుకుంటూ ఎడారిలో చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్త దగ్గరకు దేవదూత వచ్చి మొదట చేసిన పని ఏమిటి? రొట్టె, నీళ్లు ఇచ్చి లేపాడు. నీకు విశ్వాసం తక్కువని మందలించలేదు. రెండవ జాన్ పాల్ జగద్గురువులు నెలకొల్పగా, 1993 నుంచి లూర్దుమాత పండుగనాడు, అంటే మన గుణదల తిరునాళ్లు జరిగే ఫిబ్రవరి 11నే, ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం జరుపుకుంటున్నాం. 2006లో పదహారవ బెనెడిక్టు జగద్గురువుల కాలంలో ఆ దినాన్ని మనసు జబ్బుతో బాధపడేవారికే కేటాయించారు. ఆ ఏడాది అది జరిగింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో, అంటే కేడ్ పుట్టిన దేశంలోనే.

ఉపవాస నియమం రోగులను కట్టివేయదు. లిథియం వాడే మనిషి విభూతి బుధవారం నాడు వేళకు అన్నం తిని, నీళ్లు తాగి, మాత్ర వేసుకుంటే అది తప్పు కాదు. ఎండలో కాలినడకన యాత్రకు వెళ్లాలనుకుంటే ముందు వైద్యుడిని అడగడం భక్తికి లోటు కాదు.

ఇంకొక విషయంలో మరింత జాగ్రత్త కావాలి. స్వస్థత కూటమికి వెళ్లి వచ్చి, "నేను బాగైపోయాను" అని మందు మానేసేవారు ఉంటారు. మందు మానిన వారం పది రోజులకు లిథియం ఒంట్లోంచి దాదాపు పూర్తిగా పోతుంది. కాని జబ్బు ఆ రోజే తిరిగి రాదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మనిషి బాగానే ఉంటాడు. ఆ వ్యవధిలో అతను నిలబడి సాక్ష్యం చెబుతాడు. వినేవారిలో మరో ఇద్దరు తమ మందులు మానేస్తారు. తరువాత జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ ఇంటికి వెళ్లి చూసేవారు ఎవరూ ఉండరు. ఉన్నట్టుండి మానేస్తే మొదటి నెలల్లోనే తిరగబెట్టే ముప్పు ఎక్కువని, తగ్గించాలన్నా మెల్లమెల్లగా తగ్గించాలని వైద్యులు చెబుతారు. ఆత్మహత్య ముప్పును తగ్గించే మందుగా దీన్ని ఎంచుతారు కనుక, మానేయడంలో ఎంత పెద్ద పందెం ఉందో గ్రహించండి. దేవుడు స్వస్థపరచగలడని నమ్మేవారు ఆ స్వస్థతను రక్తపరీక్షకూ వైద్యుడి చూపుకూ భయపడకుండా చూపించగలరు. కుష్ఠు పోయినవారిని వెళ్లి యాజకుడికి చూపించుకోమని ప్రభువు పంపలేదా!

"మాత్ర మీద బతికే మనిషి అసలు మనిషేనా? ఆ నెమ్మది మాత్రది గాని అతనిది కాదు గదా?" అని ఇంకొందరి సందేహం. కళ్లజోడు పెట్టుకుని చదివినవాడు చదవలేదని అంటామా? లిథియం ఎవరికీ కొత్త మనసును పెట్టదు. పొంగు వచ్చినప్పుడు గట్టు తెగకుండా చూస్తుంది. ఆ గట్టు మధ్య పారేది అతని సొంత జీవితమే: అతని కోపం, అతని హాస్యం, బిడ్డల మీద అతని మమకారం. రోజూ రాత్రి అందరూ పడుకునే వేళకు లేచి, ఒక చేదు నిజాన్ని ఒప్పుకుని, గ్లాసు నీళ్లతో మాత్ర మింగే మనిషిలో ఉన్న వినయం మనలో ఎందరికి ఉంది?

మనం చేయగలిగినవి చిన్న పనులే. లిథియం వాడేవారికి మొదట్లో తరచుగా, తరువాత కొన్ని నెలలకోసారి రక్తంలో మట్టం చూడాలి. ఏళ్ల తరబడి వాడితే థైరాయిడ్, మూత్రపిండాలు దెబ్బతినే వీలుంది కనుక ఆరు నెలలకోసారి వాటి పరీక్షలూ చేయించాలి. కూలి మానుకుని పొద్దున్నే గుంటూరు బస్సెక్కి పెద్దాసుపత్రి వరుసలో నిలబడడం ఒంటరివాడికి కష్టం. షుగరు రోగికి తోడు వెళ్లినట్టే ఒకరు తోడు వెళ్లండి. తిన్నంత ఉప్పు రోజూ ఒకేలా తిననివ్వండి, ఉన్నట్టుండి పెంచవద్దు, తగ్గించవద్దు. ఎండాకాలం మంచినీళ్ల సీసా చేతికివ్వండి. వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకుంటే మాత్ర సంగతి వెంటనే వైద్యుడిని అడగండి. చేతులు గట్టిగా వణికినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా తాగాడని తీర్మానించకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎవరైనా నమ్మి తమ ఇంటి సంగతి మీకు చెప్పారంటే, అది మీ చెవి దగ్గరే ఆగిపోవాలి.

సంసారాన్ని గుట్టుగా ఉంచమన్న పెద్దలే రోగాన్ని చెప్పుకోమన్నారు. మనసు జబ్బు ఏ వైపుకు వస్తుందో ఇక సందేహం అక్కరలేదు. ఈ ఆదివారం పూజ అయ్యాక గుడి బయట మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేటప్పుడు, పక్కన ఎవరైనా మాట్లాడకుండా నిలబడి ఉన్నారేమో చూడండి. వారిని ఏమీ అడగవద్దు. మీతో చెప్పుకుంటే చెడిపోయేది ఏమీ లేదని వారికి నమ్మకం కలిగేలా మసలుకోండి.